నాలుగు గాట్ల అద్దం

ఫోటో భోజనాల బల్ల మీద బోర్లా పడి ఉంది. నిన్న సాయంత్రం తండ్రి విసిరింది విసిరినట్టే ఉంది. పొద్దున కాఫీ గ్లాసులు తెచ్చిన పెద్దకోడలు కూడా వాటిని బారెడు దూరంలో పెట్టి, చెయ్యి తగలకుండా వెనక్కి తీసుకుంది.

"ఆ దుప్పటి పుస్తకంలో వెయ్యొద్దని చెప్పు," అన్నాడు తండ్రి. అలా అనడం అది నాలుగోసారి.

పెద్దకొడుకు నాలుగోసారీ అదే జవాబు చెప్పాడు. పుస్తకం వాళ్ళ మనిషి సాయంత్రం నాలుగింటికి వస్తున్నాడు. రేపు అచ్చు మొదలు. ఇంతమంది అద్దకం పనివాళ్ళలో మనల్ని ఏరికోరి పిలిస్తే, ఆఖరి రోజున కాదంటే రేపు వాళ్ళకి మొహం ఎలా చూపించాలి అన్నాడు.

"మొహం సంగతి తరవాత. అందులో నా లత ఏదిరా?"

నిజంగానే లత లేదు.

తండ్రి ముప్ఫయ్యేళ్ళకి పైబడిన అద్దకంలో తన నోటితో తను 'ఇది కుదిరింది' అన్నది ఆ దుప్పటి ఒక్కటే. ముదురు ఎరుపు నేల. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎక్కడా తెగకుండా పాకే ఆకుపచ్చ లత. మధ్యమధ్య గోరంత పసుపు మొగ్గలు. చేతి అద్దకాల మీద వస్తున్న పుస్తకానికి దాన్నే అడిగారు. పుస్తకమంతా నలుపు తెలుపుల్లోనే ఉంటుందని ముందే చెప్పారు కూడా. దానికి తండ్రి అభ్యంతరపెట్టలేదు. గీత కనబడితే చాలు, రంగు కావలసినవాళ్ళు మన గుమ్మంలోకే వస్తారన్నాడు.

వాళ్ళు పంపిన ఫోటోగ్రాఫరు మూడు లైట్లు పెట్టి, తెల్ల గొడుగులు విప్పి, ఒక పూటంతా హడావుడి చేసి వెళ్ళాడు. నిన్న ఆ ఫోటో వచ్చింది. నేలా లతా ఒకటే బూడిదరంగులో కలిసిపోయాయి. పసుపు మొగ్గలు మాత్రం తీగా రెమ్మా లేకుండా చుక్కల్లా గాలిలో తేలుతున్నాయి.

అది చూసినప్పటి నుంచి తండ్రి గొంతులో ముద్ద దిగలేదు. వేరే గుడ్డేదో తీసి అంటగట్టారన్నాడు కాసేపు. కావాలనే చెడగొట్టారన్నాడు కాసేపు.

ఇంట్లో అందరూ చిన్నోడనే పిలిచే రెండో కొడుకు, ఇరవయ్యారేళ్ళవాడు, అప్పటిదాకా గుమ్మంలో ఒరిగి నిలబడి ఉన్నాడు. మెల్లగా వచ్చి ఫోటోని తిరగేశాడు. కిటికీ వైపు పెట్టి చూశాడు.

"ఇందులో తప్పేం లేదు నాన్నా. ఇది మన దుప్పటే."

తండ్రి వాడి వంక చూడలేదు. భార్యతో, వాణ్ణి ఈ విషయంలో తలదూర్చొద్దని చెప్పమన్నాడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో తండ్రీ చిన్నకొడుకూ మాట్లాడుకుంటున్నది అలాగే. ఇద్దరి మధ్యా తల్లి టపా బంట్రోతు.

"నాకెప్పుడూ ఇలాగే కనబడుతుంది," అన్నాడు చిన్నోడు.

గ్లాసులు తీస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది.

మూడు వారాల కిందట బయటపడిన సంగతే అది. షెడ్డులో చిన్నోడు ఎరుపు వెయ్యాల్సిన నూలు చుట్టలు తీసుకెళ్ళి ఆకుపచ్చ తొట్టిలో ముంచాడు. ఒకటీ రెండూ కావు, నలభై. నిలదీస్తే చెప్పేశాడు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తనకి పుట్టినప్పటి నుంచీ తెలియదు. ఇన్నేళ్ళూ అన్నయ్య పక్కన నిలబడి దగ్గితే ఎరుపు, దగ్గకపోతే ఆకుపచ్చ. ఆ రోజు అన్నయ్య ఊళ్ళో లేడు. కొడుకు కళ్ళకి లోపముందన్న దానికంటే, ఇద్దరు కొడుకులూ కూడబలుక్కుని పదేళ్ళు తన చెవిలో పువ్వులు పెట్టారన్నదే తండ్రికి ఎక్కువ గుచ్చుకుంది. రంగు తెలియని చెయ్యి తన తొట్టిలో పడడానికి వీల్లేదన్నాడు. ఆ మాటే చివరి మాట.

ఇప్పుడు ఆయన చెయ్యి చాపి ఫోటో తీసుకున్నాడు. నిన్నటిలా కాదు, చాలాసేపు చూశాడు.

"మొగ్గలు?" అన్నాడు, ఫోటోనే అడుగుతున్నట్టు.

"మొగ్గలు కనబడతాయి. అవి దేనికి పూశాయో కనబడదు."

తండ్రి ఫోటోని బల్ల మీద పెట్టాడు, ఈసారి వెల్లకిలా. కాఫీ ముట్టకుండానే లేచి వరండాలోకి వెళ్ళి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుగింటిదాకా టైముంది, నేను తీస్తాను అన్నాడు చిన్నోడు. అన్న ముందు వినిపించుకోలేదు, తరవాత నవ్వాడు, ఆ తరవాత కోపం తెచ్చుకున్నాడు. లైట్లూ గొడుగులూ ఉన్నవాడి వల్ల కానిది రంగులే తెలియని నీ వల్ల ఎలా అవుతుందన్నాడు. అన్నాక నోరు జారానని తెలిసి తల దించుకున్నాడు.

వదిన మొగుడి వైపు తిరిగింది. "మూడు వారాలుగా ఫోటో స్టూడియోకి పోయి ఏం నేర్చుకుంటున్నావని వాణ్ణి మనలో ఒక్కరైనా అడిగామా?"

చిన్నోడు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

*

స్టూడియో నడిపే ఆవిడని ఆ వీధి వీధంతా ఫోటోల పెద్దమ్మ అంటారు. అరవై దాటిన మనిషి. షెడ్డులోంచి గెంటించుకున్న మర్నాడు చిన్నోడు ఆమె దగ్గరికి పోయి, పని నేర్పమని, తన కళ్ళ సంగతి ఇదీ అని దాచకుండా చెప్పాడు. ఆమె కళ్ళజోడు మీదుగా చూసి, "నా ఫిల్ముకీ రంగులు తెలియవు నాయనా. మీ ఇద్దరికీ పొత్తు కుదురుతుంది," అంది.

కుదిరింది. వెలుగు ఎక్కడ ఎంత పలచన, నీడ ఎక్కడ ఎంత చిక్కన అన్నది వాడికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గోడ మీద ఎండ తగ్గుతుంటే ఆమె మీటరు తీసేలోపే వాడు లెక్క చెప్పేవాడు. రంగుల సందడిలో మిగతావాళ్ళ కళ్ళు జారవిడిచేవన్నీ వాడు పుట్టినప్పటి నుంచీ ఏరుకుంటూ ఉన్నాడు మరి.

పదో రోజున ఆమె బిస్కెట్ల డబ్బా ఒకటి తెరిచింది. అందులో కెమెరా కంటికి తొడిగే గుండ్రటి రంగు అద్దాలు నాలుగు, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ అని చూపించింది. చివరి రెండూ చిన్నోడికి ఒకటే. రెండింటినీ అటూ ఇటూ తిప్పి గుటకలు మింగాడు. ఇక్కడా తన కథ ముగిసిందనుకున్నాడు.

పెద్దమ్మ ఆకురాయి తీసుకుని అద్దాల ఇత్తడి అంచుల మీద గాట్లు పెట్టింది. పసుపుకి ఒకటి, నారింజకి రెండు, ఎరుపుకి మూడు, ఆకుపచ్చకి నాలుగు. వేలితో తడిమి చూసుకో, కంటితో పనేముంది అంది.

అద్దం తన రంగుని తేలిక చేస్తుంది, తనకి ఎదురు రంగుని ముదురు చేస్తుంది. పాఠమంతా అంతే. కానీ చేతికి రావడానికి తలప్రాణం తోకకొచ్చింది. అద్దం వెలుగుని మింగుతుంది కాబట్టి ఫిల్ముకి ఎక్కువసేపు చూపించాలి. మొదటి రోలుకి ఆ సంగతి మరిచిపోయాడు. కడిగి తీస్తే పన్నెండు బొమ్మలూ కిటికీ అద్దంలా ఖాళీగా వచ్చాయి. ఆ రోజు నుంచి పెద్దమ్మ వాడిచేత ఎక్కాల్లా వల్లె వేయించింది. ఒక గాటుకి రెండింతలు, రెండు గాట్లకి నాలుగింతలు, మూడింటికి ఎనిమిదింతలు, నాలుగు గాట్లకి మళ్ళీ నాలుగింతలు. రెండో రోలులో మేడ మీద ఆకాశం నల్లగా దిగింది. మబ్బులు అప్పుడే దూది ఏకినట్టు తేలాయి.

స్టూడియో వెనక గోడ పక్కన ఒక గులాబీ పొద ఉంది. చూడు ఎన్ని పూశాయో అని వచ్చినవాళ్ళందరూ అనేవారు. చిన్నోడు తల ఊపేవాడు. వాడికది ఆకుల గుబురు, అంతే. ఒక మధ్యాహ్నం మూడు గాట్ల అద్దం కంటికి ఆనించుకుని అటు తిరిగాడు. ఆకులన్నీ చీకటిలోకి వెళ్ళిపోయాయి. పువ్వులన్నీ ఒక్కసారి ముందుకు దూకాయి.

వాడు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చాలాసేపటికి లోపలికి వచ్చి పదిహేడు అన్నాడు. పెద్దమ్మ వెళ్ళి లెక్కపెట్టి వచ్చి పద్దెనిమిది అంది, ఒకటి నీకు కనబడకుండా దాక్కుందిలే అని వాడి వీపు తట్టింది. ఆ సంగతి ఇంట్లో చెప్పాలని వాడు ఎన్నిసార్లు నోరు తెరిచాడో. వినే మొహం ఒక్కటీ కనబడలేదు.

ఇప్పుడు ఆమె వాడు తెచ్చిన ఆ బూడిదరంగు ఫోటోని భూతద్దంతో పరీక్షగా చూసింది. తీసినవాడు పనిమంతుడే అంది. గీత పదును, వెలుగు, కొలతలు అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"మరి ఎక్కడ చెడింది పెద్దమ్మా?"

"కళ్ళు బాగా కనబడేవాడు కాబట్టి మోసపోయాడు. ఎరుపు ఎర్రగా, ఆకుపచ్చ పచ్చగా ఎదురుగా కొట్టొచ్చినట్టుంటే ఇక అనుమానం ఎందుకొస్తుంది? ఫిల్ముకి ఆ రెండూ ఒకే బరువు. నువ్వయితే మోసపోవు."

ఆమె రావడానికి కుదరదు. బడి పంతుళ్ళందరూ కలిసి ఫోటో దిగడానికి పన్నెండింటికి వస్తున్నారు. తన రెండో కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, ఒక కొత్త రోలు, బిస్కెట్ల డబ్బా వాడికి అప్పగించింది. ఏ అద్దం వెయ్యమంటారని అడిగితే, అది నన్నడక్కు, ఆ గుడ్డ ఎవరిదో ఆయన్ని అడుగు అంది.

*

ఇంటికి వచ్చేసరికి పదకొండు. తండ్రి వరండాలోంచి కదల్లేదు. ఎవరిని అడిగి దుప్పటి తియ్యాలా అని అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, తల్లే బీరువా తెరిచి దుప్పటి తీసి చిన్నోడి చేతుల్లో పెట్టింది. మొగుడి వైపు ఒక్కసారైనా చూడలేదు.

పెరట్లో ఎండ తగలని గోడకి దుప్పటి కట్టారు. అన్న స్టూలెక్కి పై అంచు బిగించాడు. వదిన అద్దాల డబ్బా పట్టుకుంది.

"ఆకుపచ్చది ఇవ్వనా, ఎర్రది ఇవ్వనా?" అంది.

"రంగులు నన్నడిగితే ఎలా వదినా? వేలుపెట్టి గాట్లు లెక్కపెట్టి మూడున్నది ఇవ్వు."

వదిన నవ్వాపుకోలేకపోయింది. స్టూలు మీద అన్న కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి మూడు వారాలైంది.

చిన్నోడు మూడు గాట్ల అద్దం కంటికి పెట్టుకున్నాడు.

పెరడంతా మసకబారింది. గోడ మీద దుప్పటి నేల తెల్లగా వెలిగింది. ఆ తెలుపు మీద, కింది మూల నుంచి, నల్లటి లత ఒకటి లేచింది. పాకుతూ మెలికలు తిరుగుతూ, ఒక్కో మలుపులో ఒక్కో ఆకు విప్పుకుంటూ పైకంటా పోయింది. పన్నెండేళ్ళుగా ఆ దుప్పటిని మడతపెట్టాడు, ఎండలో ఆరవేశాడు, వచ్చినవాళ్ళకి పరిచి చూపించాడు. లత అందం గురించి తండ్రి చెప్పే మాటలన్నీ కంఠతా పట్టి అప్పజెప్పాడు. ఆ లతని చూడడం మాత్రం అదే మొదలు.

ఎంతసేపు చూశాడో తెలియదు. అన్న స్టూలు మీద కాళ్ళు మార్చుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఇక్కడ తీగ ముడిపడింది," అన్నాడు చివరికి. "అన్నిచోట్లా పైకి పోతుంది, ఇక్కడొక్కచోటే వెనక్కి తిరిగి తన చుట్టూ తనే చుట్టుకుంది."

అన్న వంగి చూసి, ఏమో, తనెప్పుడూ గమనించలేదన్నాడు. వదినా గమనించలేదు.

"ఏ వైపు?" అని వినబడింది వెనక నుంచి.

తండ్రి పెరటి గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఎడమ వైపు నాన్నా. కింద నుంచి మూడో మలుపు."

ఆయన నడిచి వచ్చి ఆ మలుపు మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంచాడు.

"అక్కడ నా చెయ్యి జారింది," అన్నాడు. "రంగు అంటకుండా వేసే మైనం, చుక్క పడకూడని చోట పడింది. గుడ్డ పారెయ్యబుద్ధి కాక ముడిలా తిప్పేశాను. పన్నెండేళ్ళలో ఎంతమంది చూశారో. ఒక్కరూ పట్టుకోలేదు."

మాటలు నేరుగా చిన్నకొడుకుతోనే అన్నాడు. అన్న స్టూలు దిగబోయి మళ్ళీ నిలబడ్డాడు. తల్లి వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది.

చిన్నోడు రెండు అద్దాలూ తండ్రి అరచేతిలో పెట్టాడు. మూడు గాట్లదానితో తీస్తే నేల తెల్లబడుతుంది, లత నల్లగా వస్తుంది. నాలుగు గాట్లదానితో తీస్తే నేల ముదురుగా, లత వెలుగుతో వస్తుంది. పుస్తకంలో ఏది ఉండాలో నువ్వే చెప్పాలి అన్నాడు.

తండ్రి మొదటి అద్దంలోంచి చూసి మొహం చిట్లించాడు. "ఆ ఎరుపు తేవడానికి పదకొండు ముంపులు వేశాను. దాన్ని పాలిపోయినదాన్ని చేస్తావా?"

రెండోది పెట్టుకుని చూశాడు. ఒక అద్దం తిరిగి ఇచ్చాడు. ఇచ్చింది నాలుగు గాట్లది.

అద్దం లేకుండా అయితే అర సెకను. నాలుగింతలంటే రెండు సెకన్లు. చిన్నోడు పైకే లెక్క చెప్పుకున్నాడు. గాలికి దుప్పటి కింది అంచు కదులుతోంది. అన్న స్టూలు దిగి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస తండ్రి తనంతట తనే వంగి పట్టుకున్నాడు. చేతులు ఫోటోలో పడకూడదన్నాడు చిన్నోడు. అంత వయసు మనిషీ నేల మీద చతికిలబడి, తల పక్కకి వాల్చి, వేలి కొసలతో అంచు లాగి పట్టాడు.

"కదలొద్దు నాన్నా. ఊపిరి కూడా."

కెమెరా టిక్కుమంది. ఒకటి. రెండు. మళ్ళీ టిక్కుమంది.

*

స్టూడియోకి స్టాండు మోసింది తండ్రే. దారిలో పలకరించిన వాళ్ళకి, ఫోటో కడిగించడానికి పోతున్నాం అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. పంతుళ్ళు అప్పుడే ఫోటో దిగి వెళ్ళినట్టున్నారు, ముందు గదిలో బెంచీలు ఇంకా వరసగా ఉన్నాయి.

ఫిల్ము కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టేసరికి రెండున్నర. ఫిల్ము మీద అన్నీ తలకిందులే. నేల పలచగా, లత నల్లగా. తండ్రి అది చూసి డీలాపడ్డాడు. ఇది తిరగబడితేనే అసలు బొమ్మ అని పెద్దమ్మ ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది.

కాగితం మీదకి దించే గదిలోకి ఆయన కూడా వస్తానన్నాడు. అక్కడ వెలిగేది ఒక్క ఎర్రదీపం. ఆయన కాసేపు కళ్ళు చికిలించి, గోడకున్న గుడ్డ ఏ రంగో, డబ్బాలు ఏ రంగో పోల్చుకోలేక తడబడ్డాడు.

"ఈ గదిలో ఎవరికీ రంగులు తెలియవు లెండి. మొహమాటపడకండి," అంది పెద్దమ్మ.

మొదటి కాగితం మందునీళ్ళ పళ్ళెంలో వేశాడు చిన్నోడు. కాసేపటికి బొమ్మ తేలింది. లత ఉంది. ఉందిగానీ నేల నీరసంగా ఉంది. చిన్నోడు తియ్యబోతుంటే తండ్రి వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"నేల ఇంకా తాగలేదు."

ఆయన చెప్పింది నిజమే. పళ్ళెంలో ఉంచితే చాలదు, వెలుగే తక్కువ పడిందని చిన్నోడు వివరించాడు. రెండో కాగితానికి వెలుగు సగం పెంచాడు. దాన్ని పళ్ళెంలో వేసి ఊపబోతే తండ్రి పక్కకి జరగమన్నాడు. తొట్టి ఊపడం తనకి నేర్పక్కరలేదన్నాడు. పళ్ళెం ఒక కొస ఎత్తి దించుతూ, అల కాగితం మీదుగా ఒక్క చోటా ఆగకుండా పోయేలా ఆడించాడు. ముప్ఫయ్యేళ్ళుగా బానలూ తొట్లూ ఆడించిన చేతులవి. పెద్దమ్మ తన పని ఆపి చూస్తూ ఉండిపోయింది.

తెల్లకాగితం మీద ముందు మొగ్గలకి చుట్టూ నీడ కమ్మింది. తరవాత నేల నలుపు తాగడం మొదలుపెట్టింది. ఆ నలుపులోంచి లత బయటపడింది, వెన్నెల పడిన తీగలా. ఆకు వెనక ఆకు. మలుపు వెనక మలుపు. ఎడమ వైపు కింద నుంచి మూడో మలుపులో ముడి.

"ఇంకొంచెం," అన్నాడు తండ్రి. "ఇంకొంచెం. ఆఁ, తియ్."

చిన్నోడు గడియారం చూశాడు. సరిగ్గా రెండు నిమిషాలు, పెద్దమ్మ నేర్పిన లెక్కే.

*

పుస్తకం వాళ్ళ మనిషి నాలుగింటికి అయిదు నిమిషాల ముందే స్టూడియోకి వచ్చాడు. ఇంటి దగ్గర నుంచి అన్నే వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాలే తల్లీ వదినా వచ్చారు.

ఆ మనిషి పాత ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టుకుని, ఒకదాన్నుంచి ఒకదానికి చాలాసార్లు చూశాడు. రెండూ ఒకటే దుప్పటా అని అడిగాడు. అవునన్నాక, ఇది ఎవరు తీశారని అడిగాడు.

పెద్దమ్మ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు తండ్రి అన్నాడు. "మా చిన్నవాడు."

ఆ మాట అన్న తీరుకి వదిన కళ్ళు తుడుచుకుంది.

ఆ మనిషి కూర్చుని సావకాశంగా మాట్లాడాడు. ఈ ఫోటో లోపలి పేజీలో కాదు, అట్ట మీద వేస్తామన్నాడు. అంతటితో ఆగలేదు. పుస్తకంలో ఇంకా పదకొండు గుడ్డలు ఇలాగే బూడిదలో పోసినట్టు వచ్చాయట. వాటి యజమానులందరూ మొహాలు మాడ్చుకుని ఉన్నారట. అచ్చు పది రోజులు వాయిదా వేయిస్తాను, అవన్నీ తీసిపెట్టగలవా అని చిన్నోణ్ణి అడిగాడు. చిన్నోడు తండ్రి వైపు చూడకుండానే తీస్తానన్నాడు. తరవాత చూశాడు. తండ్రి మొహం వెలిగిపోతోంది.

ఆ మనిషి ఫోటోని అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయాడు. అన్న తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేసి, ఇకమీదట నా దగ్గుతో నీకు పనిలేదురా అన్నాడు. అందరూ నవ్వారు. తండ్రి అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంకా తడిగా ఉన్న మరో ప్రతిని తల్లి క్లిప్పు నుంచి తీసి, అంచులు పట్టుకుని చూస్తోంది. తండ్రి ఆమె పక్కకి వచ్చాడు. ఆనందం పట్టలేని మనిషికి మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. తనకి అద్దకం నేర్పిన మామగారిని, ఆమె తండ్రిని, తలుచుకున్నాడు. ఆయనకున్న చూపు ఇంకెవరికి వస్తుందన్నాడు.

"ఇవాళ మీ నాన్న ఉండాల్సింది. ఎరుపు ఒక్క వీసం అటూ ఇటూ అయినా ఆయన ముందు దాగేది కాదు. ఆయన కన్ను అలాంటిది."

"ఆయనకి తెలిసేది కాదు," అంది తల్లి.

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినబడింది.

"ఏది?"

"ఎరుపేదో ఆకుపచ్చేదో. వీడిలాగే."

తండ్రి నవ్వబోయాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు.

తల్లి ఫోటోలోంచి కళ్ళు ఎత్తకుండా చెప్పింది. తనకి తొమ్మిదేళ్ళప్పటి నుంచి తన తండ్రి తనని తొట్టి పక్కన నిలబెట్టుకునేవాడు. ఇంకా ఉంచాలంటే ఆయన మణికట్టు మీద ఒక్కసారి తట్టాలి. తియ్యాలంటే రెండుసార్లు. మూడో మనిషికి తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్న ఆయన ఎరుపు, పదేళ్ళపాటు తన రెండు వేళ్ళ మీద నడిచింది.

తండ్రికి గుర్తొచ్చింది. తను పని నేర్చుకున్న నాలుగేళ్ళూ ఆ అమ్మాయి మంచినీళ్ళ చెంబు పట్టుకుని రోజూ తొట్టి దగ్గరే నిలబడేది. తనని చూడడానికే వస్తోందనుకున్నాడు. ఆ ధైర్యంతోనే పెళ్ళి మాటెత్తాడు.

"మరి ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"పెళ్ళయిన మర్నాడు నేను షెడ్డులోకి వచ్చాను. మీరు ఏమన్నారో జ్ఞాపకం ఉందాండీ?"

ఉన్నట్టే ఉంది. ఆయన తల వంగింది.

"రంగుల సంగతి నీకేం తెలుసు, ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చున్నాను."

అన్న చెయ్యి తమ్ముడి భుజం మీదనుంచి జారిపోయింది. పెద్దమ్మ చేతిలోని పట్టకారు చేతిలోనే ఉండిపోయింది. చిన్నోడు తల్లి వేళ్ళ వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళని చూడనే లేదని అనిపించింది వాడికి.

తల్లి ఫోటోని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. అరచెయ్యి చాపింది.

"రేపటి ఎరుపు నేను చూస్తాను. షెడ్డు తాళంచెవి ఇలా ఇవ్వండి."

తండ్రి చెయ్యి జేబులోకి వెళ్ళింది. తాళంచెవిని పట్టుకుని అక్కడే ఉండిపోయింది.